పథ్యం లేని మందు

వాసవాంబకు నమ్మకాలు చాలానే ఉన్నాయి గానీ అన్నిటికన్నా గట్టిది ఒకటుంది: పథ్యం చెప్పని వైద్యుడు వైద్యుడే కాడు. వంకాయ మానమనో, పెరుగు ముట్టొద్దనో ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకుండా రాసిచ్చిన గోళీలన్నీ కరివేపాకు కుండీలోకి పోయేవి. ఆ కరివేపాకు మాత్రం ఏపుగా పెరిగింది.

ఆమె రోగం గుండె దడ. కొడుకూ కోడలూ పత్తర్‌గట్టి దుకాణానికి, మనుమరాలు శ్రీహిత కాలేజీకి వెళ్లిపోయాక, శాలిబండలోని ఆ ఇంట్లో సరిగ్గా అన్నం వేళకు దడ మొదలయ్యేది. రెండు ముద్దలు మింగి కంచం తోసేసేది. మనిషి చిక్కి సగమైంది. బంగారు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టర్లు తీసిన ఫొటోలన్నిట్లో గుండె నిక్షేపంగా ఉంది.

"ఫొటోల మంచిగనే ఉంటది," అనేది శ్రీహితతో. "పెండ్లి ఫొటోల మీ తాత గూడ మంచిగనే ఉన్నడు."

అసలు రోగం పై అంతస్తులో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, నోరు తెరిచి అనే ధైర్యమే ఎవరికీ లేదు. పైన ఉండేది తోడికోడలు శారదమ్మ. వంటలు వేరుపడ్డనాడు అత్తగారి రాతిరోలు చిన్నకోడలైన శారదమ్మ వాటాకు పోయింది. హమాలీలు దాన్ని మెట్లెక్కిస్తుండగా వాసవాంబ మాటలు మానేసింది. అప్పటినుంచి మధ్యాహ్నం పైన రోట్లో పడే ప్రతి పోటూ కింద ఈమె గుండెలోనే పడేది.

ఈ పరిస్థితిలో శ్రీహిత ఆమెను ప్రీతి దగ్గరికి తీసుకెళ్లింది. ప్రీతిది దబీర్‌పురా, యూనివర్సిటీలో పరిశోధన. పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా బాధ పడేవాళ్లను మాత్రల వైపు కాక మనుషుల వైపు పంపితే ఏమవుతుందో చూడడం ఆమె పని. బస్తీలోని దవాఖానాలో ఒక మూల కూర్చునేది. వాసవాంబ చెప్పిందంతా గడియారం చూడకుండా విన్నది.

"వారానికోసారి ఆడోళ్లందరు ఈడ కూడుతరు అమ్మమ్మా. కుట్లు, పాటలు, ముచ్చట్లు. మీరు గూడ రండి. అదే మందు."

"ముచ్చట మందా?"

"అవును."

"పత్తెం?"

"పత్తెం ఏం లేదు."

వాసవాంబ లేచి చెప్పులు వెతుక్కుంది. "పత్తెం లేనిది మందెట్లయితది బిడ్డా? నీ చదువు ఇంక పూర్తి కాలే."

ప్రీతికి తాను చదివిన లావుపాటి పుస్తకాలు కాక, దడ అన్నం వేళకే వస్తుందన్న మాట గుర్తొచ్చింది. "ఉన్నది, మర్చిపోయిన. ఒంటిగ అన్నం తినొద్దు. పక్కకు ఎవరన్న ఉంటెనే ముద్ద ముట్టాలె."

"గిదీ పత్తెమంటే," అని వాసవాంబ మళ్లీ కూర్చుంది. "ఎప్పటిదాంక?"

"దడ పోయేదాంక."

ఆ సంబరం మర్నాటి మధ్యాహ్నం దాకే. కంచం ముందు పెట్టుకుంటే ఇంట్లో పిల్లి కూడా లేదు. గుమ్మంలోకి వచ్చి చూసింది. షేరింగ్ ఆటోలో పోయేవాళ్లను అన్నానికి రమ్మనలేం కదా. పథ్యం తప్పితే మందు వికటిస్తుంది. పైన రోకలిబండ పడుతోంది. కాసేపు పంతం, కాసేపు ఆకలి. చివరికి కంచం మీద కొంగు కప్పి, మోకాళ్లనూ ప్రీతినీ మార్చిమార్చి తిట్టుకుంటూ మెట్లెక్కింది.

శారదమ్మ రోటి ముందు నుంచి తలెత్తింది. రోకలిబండ ఆగింది.

"నీ కోసం రాలే," అంది వాసవాంబ ముందుగానే. "డాక్టరమ్మ పత్తెం పెట్టింది. ఒంటిగ తినొద్దట."

శారదమ్మ పీట ఇటు జరిపింది. "అయితే నేనేంది అక్కా? మందుల కలుపుకునే అనుపానమా? తేనె లెక్క?"

"తేనెవా నువ్వు? శొంఠివి."

ఆ శొంఠి దోసకాయ పచ్చడి తీసి కంచంలో వేసింది. వాసవాంబ రుచి చూసి, "ఉప్పు తక్కువైంది. అత్త రోలు పరువు తీస్తున్నవ్," అంది.

"అయితే నువ్వే నూరు." రోకలిబండ ఆమె చేతిలోకి వచ్చింది.

కొన్ని నెలలకు ప్రీతి పరిశోధన పని మీద ఇంటికి వచ్చింది. కింద తాళం. పైకి వెళితే తోడికోడళ్లిద్దరూ ఒకే రోటి దగ్గర ఉప్పు గురించి లొల్లి పెట్టుకుంటున్నారు. వాసవాంబ గాజులు మణికట్టు దగ్గర బిగిసి ఉన్నాయి.

"దడ పోయినట్టేనా అమ్మమ్మా?"

వాసవాంబ రోటి వైపు చూసింది. దడ పోతే పథ్యం పోతుంది. "ఏడ పోయింది బిడ్డా? జర ఉన్నది."

"జర కాదు," అంది శారదమ్మ పక్కపక్కనే రెండు కంచాలు పెడుతూ. "మస్తున్నది."