పేరు పెట్టి పిలవకూడని దయ్యం

చిన్నప్పుడు అన్నం తినకపోతే పూచాండి అనే బూచాడు వచ్చి ఎత్తుకుపోతాడని మా అవ్వ బెదిరించేది. ఒకరోజు పంతం పట్టి, మూతి బిగించుకుని, సాయంత్రం దాకా వాడికోసం ఎదురుచూశాను. రాలేదు. ఆ మోసాన్ని నేనింకా మరచిపోలేదు. అందుకే వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకుని, ఆదివారం మాత్రం సంచిలో రికార్డరు వేసుకుని దయ్యాల వేటకు పోతుంటాను. ఇన్నేళ్లలో ఒక్కటీ దొరకలేదు. పెళ్లిసంబంధాల వాళ్లు అడిగితే మా అమ్మ దాన్ని సోషల్ సర్వీసు అంటుంది. సౌకార్‌పేటలో గాజుల కొట్టు నడిపే నాన్నయితే, ఒక్క గాజు కూడా అమ్ముడుపోని కొట్టును తానెప్పుడో మూసేసేవాణ్ణంటాడు.

మొన్నామధ్య పెరంబూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మధ్యాహ్నం భోజనం వేళకు వంటింట్లో కంచాలు గలగలమంటున్నాయని వాళ్లమ్మ అంటోందట. తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. పోయిన రోజు సాంబారు చప్పగా ఉందని అలిగి, కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. వీధి చివర కుప్పకూలాడు. అప్పటినుంచీ పెద్దావిడకు ఒకటే దిగులు, ఆయన కోపం తీరిందో లేదో అని.

వెళ్లి కూర్చున్న కాసేపటికే సంగతి తేలిపోయింది. ఇంటి వెనక రైలు పోతే కంచాల స్టాండు అదురుతుంది, అంతే. ఆ మాటే చెప్పాను. పెద్దావిడ ముఖం చిన్నబుచ్చుకుంది.

"రైలు సంగతి నాకు తెలీదా? నువ్వు ఆయన్ని పిలిచి అడుగు."

సరేనని రికార్డరు పెట్టాను. పేరు పెట్టి పిలవడం, అడగాల్సింది అడగడం, కాసేపు ఊరుకోవడం మా పద్ధతి. చెవికి అందని జవాబు రికార్డులో దొరుకుతుందని ఆశ. ఆయన పేరేమిటంటే ఆవిడ నోరు విప్పదు. కూతురు చెప్పింది. నేనిలా పిలిచానో లేదో, పెద్దావిడ కసురుకుంది. నీ వయసెంత, ఆయన వయసెంత, అట్ల పిలిస్తే వచ్చేవారు కూడా రారు అంది. గారు తగిలించినా ఒప్పుకోలేదు. రికార్డరు నా చేతిలోంచి లాక్కుని తానే నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏమండీ, ఈడ ఉండారా? ఇంకా నా మీద కోపంగానే ఉండారా?"

ముగ్గురం రికార్డరు వైపే చూస్తూ కూర్చున్నాం. తర్వాత నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని జాగ్రత్తగా విన్నాను. ఆవిడ గొంతు, ఆపైన ఫ్యాను చప్పుడు. ఆయన దగ్గు ఒక్కటైనా వినిపిస్తుందని ఎంత ఆశపడ్డానో. ప్రాణం ఉసూరుమంది. అబద్ధం చెప్పడానికి నోరు రాక, ఆయనేమీ పలకలేదమ్మా అన్నాను.

"పలకలేదా? నిజంగానా?" పెద్దావిడ గోడకు చేరగిలబడింది. "కోపముంటే గమ్మునుండే మనిషా ఆయన? వీధంతా వినేటట్టు అరిచుండరూ పాపా?"

హెడ్‌ఫోన్లు తన చెవులకు పెట్టమంది. పెట్టాను. ఆ ఫ్యాను చప్పుడు చివరిదాకా విని, కళ్లు తుడుచుకుని, ఇంకోసారి పెట్టమంది.