గుండీలతో సమీకరణాలు

పదో తరగతిలో నన్ను లెక్కలు చెయ్యొద్దన్నారు. చూపులేని పిల్లలకు ఆ సబ్జెక్టులో మినహాయింపు ఉందని, తీసుకుంటే హాయిగా గట్టెక్కుతానని అన్నారు. ఆ మినహాయింపు నేను అడగలేదు.

నా చూపు చిన్నప్పుడే జ్వరంతో పోయింది. ఏడో తరగతి దాకా అంధుల స్కూల్లో, హాస్టల్లో ఉండి చదివాను. అక్కడ పై తరగతులు లేకపోవడంతో నాన్న నన్ను బందరు తీసుకొచ్చి, మా వీధికి దగ్గరలో ఉన్న హైస్కూల్లో చేర్పించాడు. నాన్న దర్జీ. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు. తొంభైల్లో రెడీమేడ్ బట్టలు వచ్చిపడుతున్నా ఆయన మిషను మాత్రం ఆగలేదు.

ఒకరోజు లెక్కల మాస్టారు బోర్డు మీద రెండు సమీకరణాలు రాశారు. ఏం రాశారో పైకి చదవలేదు. సుద్దముక్కతో టకటకా కొడుతూ, "దీన్నీ దీన్నీ కూడితే ఇది పోయింది. ఇక మిగిలిందిదే" అన్నారు.

నేను లేచి, "ఏది పోయింది సార్?" అని అడిగాను.

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు అలవాటే. మాస్టారు మాత్రం చాలా మెత్తగా, "నువ్వు కూర్చోమ్మా. నీకిది అక్కర్లేదు" అన్నారు. ఆ మెత్తదనమే నాకు మండింది. నాకేది అక్కర్లేదో ఆయనకెలా తెలుసు?

మర్నాడు నాన్నను స్కూలుకి పిలిపించి మినహాయింపు సంగతి చెప్పారు. నాన్న పెద్దవాళ్ళ ముందు ఎదురు మాట్లాడే మనిషి కాదు. మీరెట్లా అంటే అట్లానేనండీ అని వచ్చేశాడు. దారి పొడుగునా నేను ఒప్పుకోనని చెబుతూనే ఉన్నాను. కొట్టు మెట్లెక్కాక ఆయన ఆగి, "సరేనే. కనపడని లెక్క ఎట్లా చేస్తావు?" అన్నాడు.

"చేతికి తగిలితే చేస్తాను నాన్నా" అన్నాను.

కొట్లో చేతికి తగిలేవాటికి లోటేముంది? కత్తిరింపుల బల్ల మీద ముతక గుడ్డ పరిచాం. రెండు చిల్లుల గుండీ ఎక్స్, నాలుగు చిల్లుల గుండీ వై, బ్లౌజులకు కుట్టే హుక్కులు అంకెలు. మైనస్ అయితే గుండీని బోర్లా పెట్టాలి. గుండీకి ముందు పక్క అంచు ఉంటుంది, వెనక నున్నగా ఉంటుంది. వేలికి ఇట్టే తెలుస్తుంది. కొలతల టేపుని నిలువుగా పరిస్తే అదే ఈజీక్వల్టు గుర్తు.

నాన్న పుస్తకంలోంచి చదివాడు. మూడు ఎక్స్ ప్లస్ రెండు వై ఈజీక్వల్టు పదిహేడు. ఐదు ఎక్స్ మైనస్ రెండు వై ఈజీక్వల్టు ఏడు. రెండు వరసలు పేర్చాను. మాస్టారు బోర్డు మీద కూడారు కాబట్టి కింది వరసను పైవరసలోకి నెట్టాను. వెల్లకిలా ఉన్న ఒక్కో నాలుగు చిల్లుల గుండీకి బోర్లా ఉన్నదాన్ని జతచేసి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఎంత తడిమినా నాలుగు చిల్లుల గుండీ ఒక్కటీ లేదు. ఎనిమిది ఎక్స్‌లు, టేపుకి అవతల ఇరవై నాలుగు హుక్కులు. ఎనిమిదికీ సమానంగా పంచితే తలా మూడు వచ్చాయి. ఎక్స్ మూడు. దాన్ని మొదటి వరసలో పెడితే వై నాలుగు.

బోర్డు మీద పోయింది ఇదన్నమాట. సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది. ఇంత చిన్న సంగతి నోటితో చెప్పడానికి మనిషికి బద్ధకమై, నాకు అక్కర్లేదనేశారు.

అన్నీ అంత సులువుగా లొంగలేదు. పోవాల్సిన గుండీలు రెండు వరసల్లో సరిసమానంగా లేనప్పుడు ఒక వరసను రెండింతలో మూడింతలో చెయ్యాలి. నేను గుండీలు పెంచి హుక్కులు పెంచడం మర్చిపోయేదాన్ని. జవాబు తప్పు వచ్చేది. విసుగొచ్చి ఒకసారి గుడ్డ విదిలించేశాను. హుక్కులన్నీ నేల మీద పడ్డాయి. నాన్న అయస్కాంతం పెట్టి ఏరాడు. మళ్ళీ పరిచాను. దసరా సెలవులు దాటాక గుడ్డ అవసరం లేకుండా తలలోనే పేర్చుకోవడం వచ్చేసింది.

హెడ్మాస్టరు గారి గదికి నేనే వెళ్ళి, మినహాయింపు వద్దండీ అని చెప్పాను. లెక్కల మాస్టారిని పిలిపించారు. ఆయన ఇచ్చిన లెక్క నోటితోనే చేసి చూపించాను. అయినా ఆయన ఒప్పుకోలేదు. "మరి గ్రాఫు ఎలా గీస్తావు?" అన్నారు.

"గ్రాఫు వదిలేస్తాను సార్. ఆ మార్కులు పోనివ్వండి. మిగతావి ఎందుకు పోగొట్టుకోవాలి?"

హెడ్మాస్టరు గారు, రాయనివ్వండి అన్నారు.

పబ్లిక్ పరీక్షలో నేను చెబుతుంటే రాయడానికి తొమ్మిదో తరగతి అమ్మాయిని ఇచ్చారు. కోడూరు దగ్గర చేపల వ్యాపారం చేసే వాళ్ళ పిల్ల, బందరులో హాస్టల్లో ఉండేది. మాట గలగలా, రాత ఇంకా వేగం. సమీకరణాల లెక్క అయ్యాక రాసింది చదవమన్నాను. పదిహేను ఎక్స్ ప్లస్ ఆరు వై అని చదివింది. నేను చెప్పింది మైనస్. దిద్దమన్నాను. అంతలో గదిలో కాపలా ఉన్న సారు వచ్చి, మాటలు ఎక్కువయ్యాయి, రాసింది చాల్లే అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "లెక్క నాదండీ. నేను చెప్పిన గుర్తు పడేదాకా పేపరు ఇవ్వను" అన్నాను. గది మొత్తం కలాలు ఆగాయి. ఆయన వంగి పేపరు చూసి, దిద్దమ్మా అని ఆ పిల్లతో అనేసి వెళ్ళిపోయారు. ఆ పిల్ల మైనస్ పెట్టి, ఆ వరస మళ్ళీ చదివి వినిపించింది. భయపడకని చెప్పి, తర్వాతి లెక్క మొదలుపెట్టాను.

లెక్కల్లో పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు. గ్రాఫు, రేఖాగణితం బొమ్మలు నా మార్కులు తినేశాయి. లెక్కల మాస్టారు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి కొట్టుకి వచ్చి, మినహాయింపు తీసుకునుంటే సెకండ్ క్లాసు ఫస్టుకి పెరిగేది కదమ్మా అన్నారు. పెరిగేదేనండీ అన్నాను. ఆయన నేను బాధపడాలని చూశారేమో, నాకు బాధ రాలేదు.

ఆ జూన్‌లో గుడివాడ కాలేజీలో లెక్కలున్న గ్రూపులోనే చేరాను. బందరు ప్యాసింజర్లో మొదటిరోజు నాన్న తోడొచ్చాడు. రెండోరోజు నుంచి వద్దన్నాను.