దీపం కనపడని కోట

దేవుడు నాకు చేసిన మేళ్లలో మా మరిది ఒకడు. కరెంటు పని చేసేవాడు. సాయంత్రం ఎవరింట్లో స్విచ్ వేసినా చెప్పులు వదిలి, వెలిగిన బల్బుకు దండం పెట్టందే అక్కడి నుంచి కదిలేవాడు కాదు.

పలాస దగ్గర హైవే పక్కన పాతకాలపు రాజుల కోటలా ఒక పార్కు కట్టినప్పుడు ఆ వైరింగు పని అతనికే వచ్చింది. వైరుగానీ బల్బుగానీ కంటపడితే కోట అందం పోతుందన్నాడు యజమాని. మరిది వైర్లకు కొబ్బరితాడు చుట్టి దూలాల వెంట పాకించాడు. బల్బులను గోడల వెనక పెట్టాడు. వచ్చినవాళ్లకు తిరగలి విసిరి చూపించే పనిలో నన్ను కుదిర్చాడు.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. నాకు ఏడుపు రాలేదు, దేవుడి మీద కోపమూ రాలేదు. దీపం ముందు చేతులు జోడించడం మాత్రం మానేశాను.

మొదటిసారి లైట్లు వేసిన సాయంత్రం గోడలన్నీ పసుప్పచ్చగా వెలిగాయి. మరిది చెప్పులు వదిలి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏటి మావా, ఏటి పారేసుకున్నావు?" అని కూలీలు నవ్వారు.

"దండం ఎటెట్టాలో తెలట్నేదురా! అన్నీ నేనే దాసీసినాను కదా."

తర్వాత నన్ను పిలిచాడు. "ఒదినా, ఓపాలిటు రా."

గోడ వెనక సందులో ఒక బల్బు, దాని చుట్టూ పురుగులు. తాను దండం పెట్టుకుని, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నా చేతులు లేవలేదు. అతను తొందరపెట్టలేదు.

"పర్నేదొదినా, రేపు కూడా ఎలుగుతాది," అన్నాడు.

మర్నాడు అతను పిలవకముందే ఆ సందులోకి నడిచాను.