కర్టెన్‌కి అవతల నాన్న

నేను పిరికివాణ్ణని మా ఇంట్లో అందరికీ తెలుసు. వజ్రపుకొత్తూరు ఒడ్డున చేపలవేటగాళ్ల ఇంట్లో పుట్టి, సముద్రమంటే వణికి, చదువు వంకతో టెక్కలి చేరి బడిపిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. అలాంటివాడికి నాన్నని విమానంలో హైదరాబాదు తీసుకెళ్లే పని పడింది. కొన్ని నెలలుగా ఆయన ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతున్నాడు. మొన్న పెరట్లో పడి నుదురు చిట్లింది. "అక్కడి పెద్దాసుపత్రిలో చూపించండి. ఒంటరిగా మాత్రం ఎక్కడా వదలొద్దు" అన్నాడు పలాసలో డాక్టరు. ఆ ఆఖరి మాట దగ్గర్నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఎక్కువ నడవక్కర్లేకుండా ముందువైపు సీట్లు తీసుకున్నాను. మా ముందు కర్టెన్. దాని అవతల డబ్బున్నవాళ్ల వెడల్పాటి సీట్లు, వాళ్లకి వేరే బాత్రూం, దాని పక్కనే పైలట్ల గది. మాలాంటివాళ్ల బాత్రూములు తోక దగ్గర. ఎవరి క్యాబిన్‌లోది వాళ్లే వాడుకోవాలని మైకులో చెప్తే బుద్ధిగా తలూపాను కూడా.

కాసేపటికి నాన్న నా చెయ్యి గిల్లాడు.

"ఒరే, ఒంటికెల్లాల."

"కాసేపు ఆపుకోలేవేటి?"

"ఆపుకోగలిగితే నీకెందుకు సెప్తాను?"

వెనక్కి తిరిగి చూస్తే తిండిబండి దారినిండా ఉంది. అది కదిలేలా లేదు. కర్టెన్ దగ్గరున్న ఎయిర్ హోస్టెస్‌ని బతిమాలాను. నాన్న నుదుటి కట్టు వంక చూసి ఆమె, "ఈ ఒక్కసారికి" అంది.

బాత్రూం తలుపు దగ్గర నాన్న ఆగాడు. "నువ్వు బైటే ఉంతావు కదా? పలకాల మరి."

ఈ పలకడం మా పడవల్లో పద్ధతి. వేటకెళ్లిన పడవలో బాత్రూముండదు. అవసరమైనవాడు వెనక అంచుకి పోయి తాడు పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకడు కాపలా ఉండాలి. అంచున ఉన్నవాడు మధ్యమధ్య "ఓయ్" అంటాడు, కాపలావాడు "ఓయ్" అని పలుకుతాడు. ఏ పక్క నుంచి మాట ఆగినా రెండోవాడు ఇక ఆలోచించడు, పరిగెత్తుతాడు. మా చిన్నాన్న ఒకసారి ఎవరికీ చెప్పకుండా అంచుకి పోయాడు. మళ్లీ కనబడలేదు. అప్పట్నుంచీ నాన్న మమ్మల్ని రాత్రిపూట పెరట్లోకి కూడా ఒంటరిగా పోనిచ్చేవాడు కాదు.

ఆయన లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. "ఓయ్" వినబడింది. నేను సిగ్గుపడుతూ చిన్నగా "ఓయ్" అన్నాను. వెడల్పాటి సీట్లోంచి ఒకాయన పేపరు దించి నన్ను పైకీ కిందకీ చూశాడు.

ఇంతలో ఎయిర్ హోస్టెస్ వచ్చింది. "సార్, పైలట్ల గది ముందు ఎవరూ నిలబడకూడదు. మీ సీట్లో కూర్చోండి."

"ఆయనకి కళ్లు తిరుగుతాయమ్మా."

"నేను చూసుకుంటాను సార్. రూల్ అండీ, ప్లీజ్."

ఆమె మాట పూర్తవుతుండగానే బెల్టు దీపం వెలిగింది. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. నా కాళ్లు నన్నడక్కుండానే సీటు దగ్గరికి తీసుకుపోయాయి. వెనకే కర్టెన్ మూసుకుంది.

విమానం గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పడుతోంది. నాన్న లోపల ఒక్కడే ఉన్నాడు, తలుపుకి గడియ. ఆ ఇరుకులో పడితే తల దేనికి తగులుతుంది? సింకుకా? కట్టు మీదే తగిలితే? లేచి వెళ్దామంటే ఆమె కేకలేస్తుందని భయం, దిగగానే పోలీసులకి అప్పగిస్తారని భయం. ఇన్ని భయాల మధ్య కూడా అసలు భయం ఒక్కటే. ఆయన ఈపాటికి పిలిచే ఉంటాడు. నేను పలకలేదు.

బెల్టు విప్పేసి కర్టెన్ తోసుకుని వెళ్లాను.

"సార్! కూర్చోండి!" గోడవారన బెల్టు పెట్టుకుని కూర్చున్న ఎయిర్ హోస్టెస్ అరిచింది.

"లోపల మా నాన్న!"

నా మొహం చూసి ఆమె కూడా లేచింది. గోడ పట్టుకుని తలుపు కొట్టింది. "సార్! సార్!" జవాబు లేదు. సార్ అంటే తననేనని ఆయనకేం తెలుసు? నేను "ఓయ్" అనేలోపే ఆమె తలుపు మీది చిన్న రేకు పైకెత్తి, లోపలి గడియని బయట్నుంచే జరిపింది.

నాన్న పడిపోలేదు. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎడం చేతిని తువ్వాలుతో సింకు పక్క కడ్డీకి కట్టేసుకున్నాడు. కుడి చెయ్యి గడియ మీదే ఉంది, ఎటు జరపాలో తెలియక. మొహమంతా చెమట.

"ఎక్కడికెల్లిపోనావురా?" గొంతు బొంగురుపోయింది. "ఇందాకట్నుంచీ పిలుత్తనే ఉన్నాను. నువ్వు పలకవు. నీకేటైపోనాదోనని బైటికొద్దామంతే ఈ తలుపు రాదు."

ఇంజన్ల హోరుకి విమానం గడగడలు తోడై ఆయన కేకలు ఎవరికీ వినబడలేదు. తువ్వాలు ముడి నేను లాగితే ఇంకా బిగుసుకుంది. చివరికి ఎయిర్ హోస్టెసే విప్పింది.

సీట్లో కూర్చున్నాక నాన్న నా చొక్కా అంచు పట్టుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు. తుఫానుల్లో పడవ నడిపిన చెయ్యి అలా నన్ను పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు, చూశాక నా భయం ఇంకా ఎక్కువైంది.

బెల్టు దీపం ఆరింది. ఎయిర్ హోస్టెస్ మంచినీళ్లు తెచ్చి, "ఇప్పుడు వెనక బాత్రూములు ఖాళీ సార్" అని నాతో మెల్లగా చెప్పింది. నాకూ పొద్దుట్నుంచీ ఆపుకుని ఆపుకుని పొత్తికడుపు నొప్పెడుతోంది. అయినా హైదరాబాదులో దిగేదాకా సీట్లోంచి కదల్లేదు. నేను లేస్తే ఆయనా లేస్తాడు. ఆ తిరిగే తలతో నా తలుపు బయట కాపలా నిలబడతాడు.