కందకంలోకి లాగిందెవరు?

మా పెదనాయన వెంకటసుబ్బయ్యకు ఫోన్లో మాట వినబడదు. ఆయన స్నేహితుడు ఖాదర్ బాషాకూ వినబడదు. ఇద్దరూ పడుచు వయసులో వాయుసేనలో ఉన్నారు. డెబ్బై ఒకటి యుద్ధమప్పుడు ఉత్తరాదిన ఒక బాంబర్ స్థావరంలో పెదనాయన విమానాల పొట్టకింద బాంబులు తగిలించేవాడు, ఖాదర్ బాషా వాటికి ఆయిల్ పట్టేవాడు. ఇంజన్ల హోరు ఇద్దరి చెవులనూ తినేసింది. ఖాదర్ బాషా ఇప్పుడు కువైట్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. ఆయన్ని ఒక మాట అడగాలని పెదనాయన పట్టుబట్టాడు. నేను పాఠాలు చెప్పే బడికి దసరా సెలవులు గనుక నన్ను తోడు పంపారు.

"ఏం మాట?" అంటే, "వాణ్ని అడిగేది నీకెందుకురా" అన్నాడు.

రాత్రి కడపలో రైలెక్కి, తెల్లవారేసరికి చెన్నైలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని విమానాశ్రయం చేరాం. మా ఊళ్లో చాలామంది పెదనాయన యుద్ధంలో విమానం నడిపాడనుకుంటారు. ఆయన ఔననడు, కాదనడు. నిజానికి విమానమెక్కడం ఇదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని, కింద సామాన్లు ఎక్కిస్తున్నవాళ్ళను చూసి మండిపడ్డాడు.

"చూడరా, పెట్టెలు ఎట్లా ఇసురుతాండారో! మేము బాంబులు గూడా ఇంతకంటే మెల్లగా పెట్టేటోళ్ళం."

"బాంబులు గాబట్టే పెట్టింటారు పెదనాయనా" అన్నాను. అదృష్టం, వినబడలేదు.

మా పక్క సీటులో రాయచోటి వైపు రమణమ్మ. కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. యజమానురాలిని అక్కడ 'మామా' అంటారట. "మా మామాకు నోరు పెద్దదన్నా. మనసు గూడా పెద్దదేలే, అరిచినంత అరిచి మళ్ళా తనే టీ ఇస్తాది" అంది. తర్వాత పెదనాయన వైపు వంగి, "తాతా, ఏం పని మీద పోతాండావు?" అని అరిచింది.

"యుద్ధం పని" అన్నాడాయన.

రమణమ్మ నా మొహం చూసింది. "ఈ వయసులోనా!"

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: విమానంలో దుప్పటి కప్పుకునేంత చలి, దిగగానే పెనం మీద కాలు పెట్టినట్టు ఎండ. అక్టోబరు గదా, చల్లబడి ఉంటుందని నమ్మకండి.

పెదనాయన కూతురు సరోజక్క, బావ అక్కడే హవల్లీ అనే పేటలో ఉంటారు. కింద సెల్‌ఫోన్ల అంగళ్ళు, పైన వీళ్ళ ఇల్లు. ఆ పూట రాగిసంగటి తిని పడుకున్నాం. మర్నాడు శుక్రవారం, బావకు సెలవు. మధ్యాహ్నం నమాజు అయ్యాక రమ్మని ఖాదర్ బాషా కొడుకు రఫీ చెప్పాడు. వాళ్ళుండే అబూ హలీఫాకు కారులో బయలుదేరాం. దారిలో పెదనాయన డోరు మీద చెయ్యి పెట్టి, "అదురుతాంది, ఇంజన్ పోయింది, ఆపు!" అన్నాడు. బావ పాటల సౌండు తగ్గించాడు. ఇంజన్ బాగుపడింది.

తలుపు తీసింది ఖాదర్ బాషానే. తెల్లగడ్డం, చేతికర్ర.  ఒకరినొకరు చూడగానే ఇద్దరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు.

"ఎట్లుండావురా ఖాదరూ?"

"నువ్వే లావైనావు సుబ్బా!"

కింది ఇంటి మలయాళీ ఆయన పరుగెత్తుకొచ్చి, గొడవేమిటని హిందీలో అడిగాడు. "గొడవ కాదు, దోస్తీ" అని రఫీ సర్దిచెప్పి, ఆయన్నీ బిర్యానీకి కూర్చోబెట్టాడు.

భోజనాలయ్యాక పెదనాయన జేబులోంచి కొత్త చేతిగడియారం తీశాడు. 

"ఇది నీకురా. యుద్ధంలో ఆ సాయంత్రం పాకిస్తానోళ్ళు మన మీద బాంబులు వేసినప్పుడు నేను స్పృహ తప్పి పడిపోతే, కాలర్ పట్టుకుని కందకంలోకి లాగింది నువ్వే గదా? అడగాలనే ఇంతదూరం వచ్చినా."

ఖాదర్ బాషా చెవి దగ్గర చెయ్యి పెట్టి మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత ఆయన మొహం మారిపోయింది.

"నేనా? నన్ను లాగింది నువ్వు గదప్పా! నేనూ కళ్ళు తెరిచేసరికి కందకంలోనే ఉండా. నువ్వు పక్కనుంటివి. మరి ఏటేటా నీకు ఖర్జూరాలు ఎందుకు పంపినా అనుకున్నావు?"

"రంజాన్ పండక్కి అనుకుంటి."

"ప్రాణం కాపాడినావని!"

 రఫీకి నవ్వు ఆగలేదు. "అయితే చాచా, ఖర్జూరాలన్నీ వాపసు" అన్నాడు. పెదనాయన నవ్వలేదు.

"మరి ఎవురురా?"

ఖాదర్ బాషా తన కాలు తడుముకున్నాడు. "కందకంలో నా కాలు కాలింది. వేడి టీ. కెటిల్ పక్కనే పొర్లి ఉండె."

"మెస్ నుంచి టీ తెచ్చేటోడు!" అన్నాడు పెదనాయన. "సన్నగా ఉండె. ఆ పొద్దుకు విమానాల దగ్గరికి వచ్చేటోడు."

"వాడే లాగింటాడు మనిద్దర్నీ. పేరేంది?"

ఆ పేరు ఇద్దరికీ తెలియదు. "చాయ్ అని అరిస్తే వచ్చేటోడు గదా" అన్నాడు ఖాదర్ బాషా.

"బతికినాడులే. మర్నాడు పొద్దున మళ్ళా టీ తెచ్చినాడు" అన్నాడు పెదనాయన. తర్వాత గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను ఎప్పుడూ వినలేదు. "చక్కెర తక్కువైందని తిడితి."

గడియారం ఎవరికన్న వాదన టీ వచ్చేదాకా సాగింది. "నాకు హక్కు లేదు" అంటాడు ఖాదర్ బాషా. "నాకు చిన్నది, నీ చేతికే సరిపోతాది" అని పెదనాయనే బలవంతంగా తొడిగాడు. ఆ టీలో చక్కెర ఎక్కువైంది. ఇద్దరూ మారుమాట్లాడకుండా తాగారు.

వారం తర్వాత తిరుగు ప్రయాణం. నేను కువైట్‌లో సముద్రం చూశాను, మాల్స్ చూశాను, అక్క కోసం సూక్ అనే పాత బజారులో కుంకుమపువ్వు బేరమాడి ఓడిపోయాను. పెదనాయన మాత్రం రోజూ అబూ హలీఫాకే పోయి, అరిచి వచ్చాడు. విమానం సముద్రం మీదికి వచ్చాక ఆయన చెవిలో అడిగాను: "అనుకున్నది కాకపోయె గదా, వచ్చింది వృథానా?"

"వృథా ఏందిరా? ఇన్నేళ్ళూ వాణ్ని తలుచుకుంటే దేవుణ్ని తలుచుకున్నట్టుండె. దేవునితో ఏం మాట్లాడతాం? ఇప్పుడు ఒట్టి ఖాదర్‌గాడైనాడు. పానం హాయిగా ఉండాది."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. చెన్నై దగ్గరపడుతుండగా కళ్ళు తెరిచి, విమానమంతా వినబడేలా అన్నాడు:

"ఆ టీ తెచ్చేటోడి పేరన్నా అడగాల్సిందిరా!"

ముందు వరసల్లో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.