సరితక్క రాయించిన ‘షురూ’

ఈ ఉదయం కరెంటు పోయి యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టగానే సరితక్క గుర్తొచ్చింది. నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణం మీద ఆమె నడిపిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే నా మొదటి ఉద్యోగం. ఎడపల్లిలో చెరుకు పండించే ఇంట పుట్టిన మనిషి ఆమె. కోతకు మనుషులు ఎప్పుడొస్తారో, లారీ ఎప్పుడొస్తుందో రైతుకు ముందే ఫోన్లో తెలిపే యాప్ చేయాలని ఆమె పట్టుదల.

నా రోజు మాత్రం టెర్మినళ్లతో, అంటే ఆదేశాలు టైపు చేసే ఆ నల్లని తెరలతో మొదలయ్యేది. ఒకదాంట్లో డేటాబేస్, ఒకదాంట్లో సర్వర్, ఇంకోదాంట్లో యాప్. ప్రతిదానికీ దాని ఫోల్డర్‌లోకి వెళ్లి, వరుస తప్పకుండా నడిపించాలి. కంప్యూటర్ ఆగిపోతే మళ్లీ మొదటికి. ఒకరోజు నేను విసుక్కుంటుంటే అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“రోజూ గివే కొడుతున్నవ్ గదా? అన్ని ఒక్క ఫైల్ల రాసి పెట్టు. కంప్యూటరే వరుసగ నడిపిస్తది.”

“నాకు రాదక్కా.”

“నాకు సుత రాదు. ఇద్దరం నేర్సుకుందాం, పా!”

ఆ మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయాం. మొదటిసారి డేటాబేస్ లేవకముందే సర్వర్ పరుగెత్తి బోర్లాపడింది. అక్క పగలబడి నవ్వింది. “గా డేటాబేస్ లేసేదాక జర ఆగుమని దీనికి చెప్పు!” చెప్పాను. ఫైలుకు ‘షురూ’ అని పేరు పెట్టి, ఆ ఒక్క మాట టైపు చేశాను. తెర దానంతట అదే గళ్లుగా చీలి, ఒక్కో గడిలో ఒక్కోటి లేచి నడవసాగింది. ఇద్దరం ఒకేసారి కేక వేస్తే కింద దుకాణంవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

కొన్నాళ్లకు బోధన్ దగ్గర రైతులకు యాప్ చూపించడానికి వెళ్లాం. మా పాత ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ పనిచేయదు. సరిగ్గా అక్క మాట్లాడుతుండగా కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది కానీ, అప్పటికే ముందు వరసలోని పెద్దాయన కండువా దులుపుకొని లేచాడు.

“పోదాం పాండ్రి, గిది అయ్యేది కాదు.”

“జర కూసో బాపు, గిప్పుడే సూపిస్త,” అని అక్క నా వైపు తిరిగింది. కరెంటు రాగానే ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లో ‘షురూ’ కొట్టాను. ఆయన కూర్చునేలోపే అన్నీ లేచాయి. మేం ముందే ఎక్కించిన వివరాల్లోంచి ఆయన చేను పేరు, కోత రోజు తెర మీద కనిపించాయి.

“అరె, నా చేనే గదా!” అంటూ ఆయన ముందుకు వంగాడు. వెనకవాళ్లంతా మూగారు. ఆ ఏడాది కోతలకు యాప్ వాడి చూస్తామని ఒప్పుకున్నారు. అక్క నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో!

ఇప్పుడు నా దగ్గర ఎవరు కొత్తగా చేరినా, రోజూ ఏ పనికి విసుగొస్తోందని ముందు అడుగుతాను. ఆ పని తనంతట తానే జరిగిపోయిన మొదటిసారి, నేను తెరను కాదు, వాళ్ల మొహం చూస్తాను.