పాతరలోకి దించిన దీపం

హోసూరు రోడ్డులో బీరు ఫ్యాక్టరీ పిప్పిని ఆవుల మేతకు తీసుకెళ్లే ట్రాక్టరు పక్కనుంచి పోతే, ఆ వెచ్చని, పుల్లని బార్లీ వాసనకు ఇప్పటికీ నా అరికాళ్లు నేల కోసం వెతుక్కుంటాయి.

ఆ వాసన నాకు మొదట తాత మాటల్లోనే తెలిసింది. తళి పక్కన మా ఊళ్లో, తొంభైల్లో, బడికి పోని నేను పగలంతా ఆయన మంచం దగ్గరే ఉండేదాన్ని. తాత వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక బీరు ఫ్యాక్టరీలో తొట్లు కడిగేవాడు. చలికాలం పొద్దున ఎండలో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ, దొరల కాలంలో సిపాయిల కోసం మాడ్చిన బార్లీతో కాచిన కాఫీ డికాక్షన్‌లాంటి నల్ల బీరు గురించీ, దొరసానులు తాగే గడ్డిరంగు లేత బీరు గురించీ, దొరలు పోయాక నల్లదాన్ని అడిగేవాళ్లు తగ్గి, చెక్క పీపాలు మూలపడి, మంచుగడ్డల్లో పెట్టిన సీసాలు వచ్చిన సంగతీ చెప్పేవాడు. చుక్క కూడా ముట్టని మనిషి. అయినా అవ్వ వంటింట్లోంచి, “దొరలు తాగి ఓడెక్కి పోయినారు, ఈయప్పకు మత్తు ఇంకా దిగలేదు” అనేది.

ఒక తొట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తాత గొంతు తగ్గేది. బీరు తోడేసిన ఆ తొట్టిని కడగడానికి ఆయన జతగాడు దిగాడు, కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. “పిలిస్తే పలకలా పాపా. నిద్రపోయినట్ల కూచోనుండె.” పులిసిన తొట్టి అడుగున మంచిగాలి ఉండదు, అందుకే మనిషికంటే ముందు దీపం దిగాలి అనేవాడు. ఆ కథ విన్నాక నేను నీళ్ల బానలోకి తొంగి చూడాలన్నా వణికేదాన్ని.

మా ఇంటి వెనక రాగుల పాతర ఉండేది. గట్టి నేలలో కుండలా తవ్విన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు పెద్దది. రాగులు పోసి, బండ మూసి, మట్టి మెత్తితే ఏళ్లు గడిచినా పురుగు పట్టేది కాదు. తెరిచాక లోపలి చెడుగాలి పోయేందుకు ఒక పూట అలా వదిలేసి, దీపం దించి చూసి, తరువాత పిల్లల నడుముకు తాడు కట్టి లోపలికి దించేవారు.

ఆ ఏడు జాతరకు చుట్టాలు వస్తారని తాత కొడుకు, మా మామ, పాతర బండ తీశాడు. తీసీతీయగానే మబ్బు కమ్మింది. వాన లోపలికి పోతే రాగులన్నీ పాడైపోతాయి. మామ గబగబా బుడ్డి దీపం దించాడు. ఆరిపోయింది. “గాలికి ఆరిపాయ” అని తనకు తానే చెప్పుకుని నా నడుముకు తాడు బిగించాడు. గాలి నిజంగానే వీస్తోంది. నాకు తాత చెప్పిన తొట్టి కళ్లముందు మెదిలింది, పాతర అంచును రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్లు దిగాయి, నడుము దిగింది. కిందనుంచి వెచ్చగా, పుల్లగా ఏదో వాసన. అరికాళ్ల కింద ఏమీ లేదు.

తాత కర్ర టకటకలాడింది.

“దీపం యాడరా?”

“గాలికి ఆరిపాయ నాయనా. వాన వస్తా ఉండాది, ఒక్క గంప...”

“ఎత్తరా పాపను!”

తాత అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే.

నన్ను పైకి లాగాక, గాలి తగలకుండా మూతి చుట్టూ దుప్పటి పట్టి మళ్లీ దీపం దించారు. మంట నిటారుగా కొంతదూరం దిగింది, కుంచించుకుపోయింది, ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరింది. ఇంకోసారి దించారు. అదే లోతులో ఆరింది. మామ కూలబడ్డాడు. ఆయన చేతిలోని తాడు రెండో కొస ఇంకా నా నడుముకే ఉంది. అవ్వ వచ్చి ముడి విప్పింది.

బండ మూసేలోపే వాన కొట్టింది. రాగులు సగం మొలకెత్తాయి.

ఇప్పుడు ఆ చోట గులాబీల గ్రీన్‌హౌస్ ఉంది. రాగులు ప్లాస్టిక్ సంచుల్లో గదిలో పడి ఉంటాయి. తాత లేడు, ఆయనను దెప్పే అవ్వా లేదు. ఆ నల్ల బీరు ఎలా ఉండేదో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ముసలివాడైన మామ మాత్రం, నీళ్ల సంపు కడగడానికి ఎవరు దిగబోయినా ఆపి, ముందు దీపం దించి చూస్తాడు. పిల్లలు నవ్వుతారు. నేను పక్కన నిలబడి తాడు పట్టుకుంటాను.